ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్: స్పైస్‌లో వచ్చింది, బోర్డు మీద ఎందుకు రాదు?

వైజాగ్‌లో ఇంజనీరింగ్ విద్యార్థుల ల్యాబ్ చూసుకునేవాణ్ణి. "సార్, ఎల్‌టీస్పైస్‌లో వచ్చింది, బోర్డు మీద రావట్లేదు" అనే మాట ప్రతి బ్యాచ్‌లోనూ వింటాను. ఎల్‌టీస్పైస్ అంటే సర్క్యూట్‌ని కంప్యూటర్‌లో నడిపి చూపించే సిమ్యులేటర్; బోర్డు అంటే పార్టులు గుచ్చి సర్క్యూట్ కట్టే బ్రెడ్‌బోర్డు. చాలాసార్లు రెండూ కరెక్టే, మనం అడిగిన ప్రశ్నలే వేరు.

అందరూ చేసే కామన్ ఎమిటర్ సర్క్యూటే తీసుకుందాం. బీసీ547 ట్రాన్సిస్టర్, 12 వోల్టుల సప్లై, బేస్‌కి వోల్టేజి ఇచ్చే డివైడర్‌లో 47 కె, 10 కె రెసిస్టర్లు, కలెక్టర్‌లో 3.3 కె, ఎమిటర్‌లో 1 కె, దానికి సమాంతరంగా సిగ్నల్‌కి అడ్డదారి ఇచ్చే బైపాస్ కెపాసిటర్.

అపోహ: బీటా (బేస్ కరెంటుకి కలెక్టర్ కరెంటు ఎన్ని రెట్లో) కచ్చితంగా తెలియకపోతే లెక్క కుదరదు.
డేటాషీటే 110 నుంచి 800 దాకా అంటుంది, ఇక కచ్చితం ఎక్కడిది? బీటా 200 అనుకుంటే ఎమిటర్ కరెంటు 1.40 మిల్లీ ఆంపియర్లు, 400 అనుకుంటే 1.43. బీటా మారినా కరెంటు పెద్దగా మారదు, డివైడర్ పెట్టేదే అందుకు.

అపోహ: ఏసీ ఎనాలిసిస్‌లో చూపించిన అవుట్‌పుట్టే బోర్డు మీదా వస్తుంది.
వైవాలో ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే. సోర్సుకి ఏసీ 1 వోల్టు ఇస్తే సిమ్యులేటర్ 150 వోల్టుల పైనే చూపిస్తుంది. సప్లై చూస్తే 12! సాఫ్ట్‌వేర్ అబద్ధమేమీ చెప్పలేదు. ముందు డీసీ ఆపరేటింగ్ పాయింట్ కనుక్కుని, ఆ పాయింట్ దగ్గర ట్రాన్సిస్టర్‌ని లీనియర్ అనుకుని గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో) లెక్కగడుతుంది. క్లిప్పింగ్ (సప్లై హద్దు దాటలేక వేవ్ కొసలు తెగిపోవడం) సంగతి దానికి తెలీదు. వేవ్‌ఫామ్ కావాలంటే క్షణక్షణానికీ వోల్టేజి లెక్కగట్టే ట్రాన్సియెంట్ ఎనాలిసిస్ రన్ చేయాలి. అప్పుడు ఇంకోటి బయటపడుతుంది: బేస్ దగ్గర 10 మిల్లీవోల్టుల పీక్ ఇచ్చినా, క్లిప్పింగ్ మొదలవకముందే సెకండ్ హార్మోనిక్ (రెట్టింపు ఫ్రీక్వెన్సీలో పుట్టే డిస్టార్షన్) 10 శాతం దాకా ఉంటుంది. సీఆర్వోలో (ఆసిలోస్కోపులో) చూస్తే సైన్ వేవ్ కాస్త వంకరగా ఉన్నట్టు అనిపిస్తుందంతే, ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో విడదీసే ఎఫ్ఎఫ్‌టీ తీస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఎమిటర్‌లో ఓ 100 ఓములు బైపాస్ చేయకుండా వదిలేస్తే గెయిన్ 28కి పడిపోతుంది, డిస్టార్షన్ కూడా బాగా తగ్గుతుంది. నన్నడిగితే అదే మంచి బేరం.

అపోహ: ఫంక్షన్ జనరేటర్ డిస్‌ప్లేలో ఎంతుంటే ఇన్‌పుట్ అంతే.
చాలా జనరేటర్లు 50 ఓముల లోడ్ ఉందనుకుని అంకె చూపిస్తాయి. మన సర్క్యూట్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ కిలో ఓముల్లో ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్ళేది దాదాపు రెట్టింపు. రికార్డులో గెయిన్ రెట్టింపు రాసేది ఇందుకే. సీఆర్వో రెండో ఛానల్ బేస్ దగ్గర పెట్టి కొలవండి.

అపోహ: హై ఫ్రీక్వెన్సీలో గెయిన్ పడిపోతే ట్రాన్సిస్టర్ డూప్లికేట్.
పాపం, పార్టులు అమ్మిన డాబాగార్డెన్స్ షాపువాడిని తిట్టకండి. బ్రెడ్‌బోర్డులో పక్కపక్క వరసల మధ్య కొన్ని పికోఫారడ్లు ఉంటాయి. బేస్‌కీ కలెక్టర్‌కీ మధ్య 3 పికోఫారడ్లున్నా, మిల్లర్ ఎఫెక్ట్ వల్ల (ఆ కెపాసిటెన్స్‌ని గెయిన్ హెచ్చించడం వల్ల) ఇన్‌పుట్‌కి అవి 500 లాగా కనబడతాయి. మీరు గీసిన స్కీమాటిక్‌లో బ్రెడ్‌బోర్డు లేదు కదా! 3 పికోఫారడ్ల కెపాసిటర్ ఒకటి అందులో చేర్చి, జనరేటర్ 50 ఓములు కూడా పెట్టి మళ్ళీ రన్ చేయండి. సీఆర్వో ప్రోబ్ మీద స్విచ్ 10ఎక్స్‌లో ఉంచండి; 1ఎక్స్‌లో కేబుల్‌తో కలిపి 100 పికోఫారడ్ల దాకా లోడ్ పడుతుంది.

అపోహ: ఎండాకాలం ల్యాబ్‌లో రీడింగులు నమ్మలేం.
సిమ్యులేటర్ డిఫాల్ట్ 27 డిగ్రీలు, మే నెలలో మన ల్యాబ్ 35. బేస్-ఎమిటర్ వోల్టేజి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది, అంటే ఈ సర్క్యూట్ కరెంటులో తేడా ఒక శాతం. మీ రీడింగ్ ముప్పై శాతం తప్పితే ఉక్కపోత మీదకి నెట్టకండి. సిగ్నల్ తీసేసి డీసీ చూడండి: బేస్ 2.05, ఎమిటర్ 1.4, కలెక్టర్ 7.4 వోల్టులు ఉండాలి.