తాపీకీ బడికీ మధ్య దూరం

చెన్నైలో కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్ల దగ్గర కాసేపు నిలబడితే తెలుగు చెవిన పడుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కూలీలు కొందరు. తరాల కిందటే తమిళనేలకు వచ్చి, చెరువులు తవ్వి, రాయి కొట్టి ఇక్కడివాళ్లైపోయిన వడ్డెరలు కొందరు. వాళ్ల పిల్లలు చదివే హైస్కూల్లో మాత్రం గోడ ఎందుకు నిలుస్తుందో, ఎందుకు పగులుతుందో చెప్పే పీరియడ్ లేదు. పదో తరగతి దాటాక, అదీ వృత్తి విద్య గ్రూపు ఉన్న బడి దొరికితేనే, బేసిక్ సివిల్ ఇంజినీరింగ్ పుస్తకం చేతికొస్తుంది. ఈ ఎడం ఒక్కరోజులో వచ్చింది కాదు.

మద్రాసులో 1794లో సర్వే స్కూలు పెట్టారు. గిండీ ఇంజినీరింగ్ కాలేజీకి మూలం అదే. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు చేతిపనుల బడి తెరిచాడు. ఇప్పటి ప్రభుత్వ లలితకళల కళాశాల అందులోంచి వచ్చిందే. గొలుసు పట్టి కొలిచే విద్య ఒక దారిన, చేతిపని ఇంకో దారిన పోయాయి. గోడ కట్టే మేస్త్రికి ఈ రెంటిలోనూ చోటు లేదు. అతని చదువు పని దగ్గరే సాగింది.

అది చిన్న చదువేమీ కాదు. మద్రాసు టెర్రస్ కప్పునే చూడండి. టేకు దూలాల మీద పలుచని ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఐమూలగా, సున్నపు మాలుతో పేర్చుకుంటూ పోతారు. పైన ఇటుక కంకర, సున్నం కలిపి పరిచి, చెక్క బద్దలతో రోజుల తరబడి కొడతారు. ఆ పైన పలక పెంకులు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు అందులో ఎంత పోయాలో మేస్త్రికి చేతివాటంగా తెలుసు. ఎందుకు పోయాలో ఎవరూ రాసి పెట్టలేదు. సిమెంటు స్లాబు వచ్చాక, రాయని ఆ చదువు చాలావరకు ఆ చేతులతోనే పోయింది.

1937లో వార్ధాలో గాంధీ, చేతిపని కేంద్రంగా చదువు సాగాలన్నారు. అది అందరి పిల్లలకూ ఉద్దేశించింది. మద్రాసు రాష్ట్రంలో 1953లో రాజాజీ తెచ్చిన పథకం వేరే. పల్లె బడుల్లో పూటను మూడు గంటలకు కుదించి, మిగిలిన సమయంలో పిల్లలు ఇంటివాళ్ల వృత్తి నేర్చుకోవాలన్నారు. చాకలి కొడుకు రేవుకి, వడ్డెర కొడుకు రాళ్లకి పోవాలన్నమాట. ‘కుల కల్వి తిట్టం’, అంటే కులవిద్యా పథకం అని పేరు పెట్టి పెరియార్, డీఎంకే దాని మీద ఉద్యమించాయి. 1954లో రాజాజీ దిగిపోయారు, కామరాజ్ వచ్చారు, పథకం రద్దైంది. రద్దు కావలసిందే. ఏ పిల్లవాడికి ఏ పని అన్నది పుట్టుక తేల్చకూడదు. కానీ ఆ దెబ్బతో బడిలో చేతిపని అన్న మాటకే అనుమానం అంటుకుంది. దానికి మూల్యం ఇప్పటికీ కడుతున్నాం.

సరిగ్గా ఆ రోజుల్లోనే, కర్నూలులో పుట్టిన లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన సెకండరీ విద్యా కమిషన్, మామూలు చదువుతో పాటు వృత్తి కోర్సులూ ఉండే బహుళార్థక పాఠశాలలు కావాలంది. 1964–66 కొఠారీ కమిషన్ ‘పని అనుభవం’ చదువులో భాగం కావాలంది. 1978లో తమిళనాడు ప్లస్ టూ పెట్టినప్పుడు వృత్తి విద్య గ్రూపులూ వచ్చాయి. ఆచరణలో ఆ గ్రూపు మార్కులు తక్కువ వచ్చినవాళ్ల చోటుగా మిగిలింది. లెక్కలు, సైన్సు చదివే ఫస్ట్ గ్రూపు పిల్లలు ఇటుక ముట్టరు, వృత్తి గ్రూపు పిల్లలకు ఇంజినీరింగ్ దారి ఇరుకు.

తల్లిదండ్రుల భయానికీ కారణముంది. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పని కోసం వచ్చిన కూలీలు, చాలామంది ఉత్తరాంధ్రవాళ్లు. ‘మా పిల్లలకు ఈ పని వద్దు’ అనే మాట వెనక ఇలాంటి రోజులున్నాయి.

కులవిద్యా పథకం చేసిన పాత గాయం ఇంకా మానలేదని ఈమధ్యే తేలింది. 2023లో కేంద్రం తాపీమేస్త్రితో సహా 18 వృత్తులకు పీఎం విశ్వకర్మ పథకం తెచ్చింది. అది కులవృత్తిని బలపరుస్తుందని, 18 ఏళ్లకే పిల్లల్ని చదువు మాన్పిస్తుందని 2024 నవంబరులో తమిళనాడు కాదంది. ఆరో తరగతి నుంచి వృత్తి పరిచయం అన్న 2020 జాతీయ విద్యావిధానం మీదా ఇక్కడ ఇదే ఆరోపణ. మా అభిప్రాయంలో ఈ చిక్కుకు విడుపు ఒక్కటే. గోడ కట్టే పాఠం ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో లాయరు కూతురికీ మేస్త్రి కొడుక్కీ కలిపి, బడి వేళల్లో, బడి ఆవరణలోనే జరగాలి. పని స్థలానికి పంపకూడదు. భవన కార్మికుడిగా నమోదుకే 18 ఏళ్లు నిండాలి.

అలాంటి పాఠానికి కావలసింది తక్కువే. మొదటి రోజు ఒక గాజు సీసా, తడి ఇసుక చాలు. సీసాలో ఇసుక 20 సెంటీమీటర్ల ఎత్తు పోసి, అది మునిగేదాకా నీళ్లు పోసి కలిపితే మట్టం 16కి దిగిందనుకోండి. తడి ఇసుకలో గింజల చుట్టూ పట్టిన నీటిపొర వాటిని ఎడం చేస్తుంది. పూర్తిగా మునిగితే ఆ పొర పోయి గింజలు సర్దుకుంటాయి. అంటే ఇసుక పావువంతు ఉబ్బి ఉంది. సిమెంటు ఒకటికి ఇసుక ఆరు పాళ్లని తట్టలతో కొలిచి పోసినా అసలు ఇసుక ఐదు పాళ్లు కూడా పడదు. సిమెంటు దండగ, పైగా రేపు ఎండిన ఇసుకతో కలిపిన మాలు ఇవాళ్టిదిలా ఉండదు. అదే సీసాలో కాస్త ఉప్పు వేసి, బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచితే ఒండ్రు ఇసుక మీద పొరగా కూర్చుంటుంది. అది 8 శాతం దాటితే ఆ ఇసుక కడగాలి, లేదా మార్చాలి.

రెండో పాఠం మూల. ఒక వైపు 90, ఇంకో వైపు 120 సెంటీమీటర్లు కొలిస్తే కర్ణం 150 రావాలి. పుస్తకంలో పైథాగరస్ ఇదే. కర్ణం 151 వస్తే ఆరు మీటర్ల గోడ చివరికి ఎనిమిది సెంటీమీటర్లకు పైగా పక్కకు పోతుంది. ఆ తప్పు టైల్స్ వేసేటప్పుడు మూలలో కోణం ముక్కగా బయటపడుతుంది.

తర్వాత గోడ. మీటరు పొడవు, తొమ్మిదంగుళాల మందం, ఏడు వరసలు. అరవై ఇటుకలు సరిపోతాయి. ఒక వరసలో ఇటుకలు గోడకు అడ్డంగా, పై వరసలో గోడ పొడవునా పేర్చాలి. అడ్డ వరసలో మూల ఇటుక పక్కన పొడవునా చీల్చిన సగం ముక్క పెట్టడం మర్చిపోతే పై వరస అతుకు కింది అతుకు మీదే పడుతుంది, పగులు ఆ గీత వెంటే వస్తుంది. ఇటుకల్ని బుడగలు ఆగేదాకా నానబెట్టాలి. పొడి ఇటుక మాలులో నీళ్లు తాగేస్తే సిమెంటు గట్టిపడక పొడిగా రాలుతుంది. ప్రతి రెండు వరసలకూ, గోడ నిలువు సరిచూసే తూకం గుండు వేసి చూడాలి. గాలికి గుండు ఊగుతుంటే బకెట్ నీళ్లలో ముంచితే కుదురుతుంది. మూల చూసే మూలమట్టం, సమతలం చూసే రసమట్టం అన్న మాటలు తమిళ మేస్త్రికీ తెలుగు మేస్త్రికీ దాదాపు ఒకటే కాబట్టి, తమిళంలో చదివే తెలుగు పిల్లలకు ఇక్కడ భాష అడ్డు కాదు.

గోడ నడుము ఎత్తు దాటకూడదు, పరంజా వద్దు, ఇటుక చెక్కేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి అభ్యాసానికి జల్లించిన మట్టితో కలిపిన మాలే మేలు. మట్టి మాలైతే వారం తర్వాత గోడ విప్పి, ఇటుకలు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, అవే అరవై తర్వాతి సెక్షన్‌కి ఇవ్వొచ్చు.