జెయింట్స్ కాజ్‌వే చలికాలం టూర్: వీసా నుంచి రాక్షసుడి దాకా అపోహలు - వాస్తవాలు

డిసెంబర్ వచ్చిందంటే టూర్ గైడ్‌నైన నా ఫోన్‌కి అదే మెసేజ్. "అన్నా, డబ్లిన్ నుంచి జెయింట్స్ కాజ్‌వే వన్ డే టూర్ బుక్ చేస్తున్నాం. బోర్డర్‌లో ఎవరూ ఆపరంట కదా, ఐఆర్‌పీ కార్డు (ఐర్లాండ్‌లో ఉండటానికిచ్చే పర్మిట్) చాలుగా?"

చాలదు. ఇక్కడితో చదవడం ఆపేసినా ఫర్వాలేదు, ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

సముద్రపొడ్డున స్తంభాల్లాంటి రాళ్లున్న జెయింట్స్ కాజ్‌వే, ఇదే టూర్‌లో చూపించే డన్‌లూస్ కోట, కారిక్-ఎ-రీడ్ తాళ్ల వంతెన అన్నీ నార్తర్న్ ఐర్లాండ్‌లో ఉన్నాయి. అంటే యూకే. డబ్లిన్ ఉన్న ఐర్లాండ్ రిపబ్లిక్ వేరే దేశం. దారిలో గేటుండదు, చెక్‌పోస్టుండదు. స్పీడ్ బోర్డులు కిలోమీటర్ల నుంచి మైళ్లలోకి మారితే దాటేశామని అర్థం. గేటు లేదు కాబట్టి వీసా అక్కర్లేదన్నది మన వాట్సాప్ గ్రూపుల లాజిక్. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ఐర్లాండ్‌లో చదువుతున్నా, ఉద్యోగం చేస్తున్నా, అక్కడికి వెళ్లాలంటే యూకే వీసా ఉండాల్సిందే.

"మా సీనియర్లు వెళ్లొచ్చారు, ఏం కాలేదు" అంటారు. నిజమే, చాలామందిని ఎవరూ అడగరు. కానీ అప్పుడప్పుడు బస్సులు ఆపి కాగితాలు చూస్తారు. ఆ రోజు మీరు ఆ బస్సులో ఉంటే పోయేది టూర్ ఒక్కటే కాదు. ఆ తర్వాత యూకేకో ఇంకో దేశానికో అప్లై చేసినప్పుడు పాత ఇమిగ్రేషన్ గొడవలేమైనా ఉన్నాయా అనే ప్రశ్న దగ్గర కలం ఆగిపోతుంది. లక్షలు అప్పు చేసి చదువుకోవడానికొచ్చిన పిల్లలకి ఇది అవసరమా? నా కోపం వాళ్ల మీద కాదు, "ఏం కాదు రా, పద" అని గ్రూపులో కూర్చుని ధైర్యం చెప్పేవాళ్ల మీద.

ఇందులోనే ఇంకో తిరకాసుంది. ఒకసారి గుంటూరు నుంచి కొడుకుని చూడ్డానికొచ్చిన ఒకావిడ పాస్‌పోర్ట్ చూశాను. ఐరిష్ విజిట్ వీసా మీద బీఐవీఎస్ అని ఉంది. బ్రిటిష్-ఐరిష్ వీసా స్కీమ్ అన్నమాట. ఆ అక్షరాలుంటే, ముందు వీసా ఇచ్చిన దేశంలో దిగి, తర్వాత రెండో దేశానికీ వెళ్లొచ్చు. ఇక్కడే మాస్టర్స్ చేస్తున్న కొడుక్కి మాత్రం ఆ సదుపాయం లేదు, యూకే వీసా తీసుకోలేదు. "వాడు లేకుండా నేనెక్కడికి బాబూ" అని పికప్ దగ్గర ఒకటే టెన్షన్. వెనక సీటు వద్దని నా పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాను. పట్టుచీర మీద రెయిన్‌కోటు, కాళ్లకి కొడుకు స్పోర్ట్స్ షూస్, వాటి లోపల రెండు జతల సాక్సులు. ఆవిడంత దర్జాగా ఆ రాళ్లెక్కినవాళ్లు ఆ రోజు బస్సులో లేరు.

ఇప్పటికే బుక్ చేసి, ఇది చదివి కంగారు పడుతున్నారా? క్యాన్సిలేషన్ గడువు చూసుకోండి. గడువు దాటితే ఆ డబ్బులు పోయాయనుకోండి, అంతే. సముద్రమూ కొండచరియలే కావాలంటే క్లేర్ కౌంటీలోని మోహెర్ క్లిఫ్స్ ఐర్లాండ్ రిపబ్లిక్‌లోనే ఉన్నాయి, 200 మీటర్ల పైన ఎత్తు. దానికి ఏ వీసా గొడవా లేదు.

ఇక మిగతావి. "చలికాలంలో అంతా మంచు కప్పేస్తుంది" అనుకుంటారు. తీరం దగ్గర మంచు పడటం తక్కువ. అసలు బాధ గాలితో. గొడుగు తెస్తే అయిదు నిమిషాల్లో కమ్మీలు మిగులుతాయి, రెయిన్‌కోటు తెచ్చుకోండి. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికే పొద్దు గూకుతుంది కాబట్టి ఆఖరి స్టాప్ చీకట్లో చూపించారని గైడ్‌ని తిట్టకండి. ఆ వాలు ఎండలో తడిసిన రాళ్లు మెరుస్తుంటే మాత్రం, జులైలో రానందుకు సంతోషిస్తారు.

అలల దగ్గర మాత్రం నేను అరుస్తాను. నీళ్లకి దగ్గరగా నల్లగా, తడిగా ఉన్న రాళ్లు బాగా జారతాయి. సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ దిగడం అసలే వద్దు.

ఆ రాళ్లు ఎవరో చెక్కి పేర్చినవి కావు. దాదాపు 40,000 బసాల్ట్ స్తంభాలు, ఎక్కువ శాతం ఆరు పలకలవి. సుమారు 6 కోట్ల ఏళ్ల కిందటి లావా చల్లారుతూ కుంచించుకుపోయి, ఎండిన చెరువు నెర్రెలిచ్చినట్టు పగిలింది. 1986లో యునెస్కో గుర్తింపొచ్చింది.

కథ మాత్రం వేరే. ఫిన్ మెకూల్ అనే రాక్షసుడు స్కాట్లాండ్ రాక్షసుడు బెనన్‌డానర్‌తో కొట్లాటకి సముద్రం మీద ఈ దారి వేశాడంటారు. ఫిన్ మహావీరుడని అందరూ అనుకుంటారు గానీ, కథలో అవతలివాడి సైజు చూసి జడుసుకున్నదీ అతనే. గట్టెక్కించింది భార్య ఊనా. మొగుణ్ని ఉయ్యాల్లో పసిపిల్లాడిలా పడుకోబెట్టి, లోపల ఇనప పెనం దాచి కాల్చిన రొట్టె అతిథికి పెట్టింది. వాడి పళ్లు ఊడాయి. "పిల్లాడే ఇంతుంటే తండ్రి ఎంతుంటాడో" అని దారి పీక్కుంటూ పారిపోయాడట. అవతలి కొస స్కాట్లాండ్ స్టాఫా దీవి, అక్కడా ఇలాంటి స్తంభాలే.

అదృష్టం కోసం రాళ్ల సందుల్లో నాణేలు దూర్చడం కూడా ఈ కథల కోవలోదే అనుకోకండి. నాణెం తుప్పు పట్టి ఉబ్బితే రాయి చిట్లుతుంది. మానేయమని 2025లో ఈ చోటుని చూసుకునే నేషనల్ ట్రస్ట్ సంస్థ బతిమాలింది. గోదావరి వంతెన మీంచి వేసే అలవాటు ఇక్కడ వద్దు.

1639లో తుపాను రాత్రి డన్‌లూస్ కోట వంటిల్లు వంటవాళ్లతో సహా సముద్రంలో పడిపోయిందని, మూలన కూర్చున్న కుర్రాడొక్కడే మిగిలాడని అన్ని బస్సుల్లోనూ చెప్తారు. నేనూ చెప్తాను, బాగుంటుంది కాబట్టి. వంటిల్లు ఇప్పటికీ అక్కడే ఉంది, పొయ్యితో సహా. పడింది వేరే గోడ, అదీ చాలా కాలం తర్వాత.

కారిక్-ఎ-రీడ్ వంతెన 20 మీటర్ల పొడవు, నీటికి 30 మీటర్ల ఎత్తు. ఒకప్పుడు సాల్మన్ చేపలు పట్టేవాళ్లు వేసుకున్నది. టికెట్ కొన్నంత మాత్రాన నడవనిస్తారని లేదు, గాలి పెరిగితే మూసేస్తారు. తెరిచారో లేదో ఆ రోజు అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది, ముందురోజు రాత్రి నాకు ఫోన్ చేసి లాభం లేదు.