ఊరి రోడ్డు మీద ట్రాక్ కారు: పోర్షె జీటీ3 గురించి అపోహలు, వాస్తవాలు

జర్మనీలోని ఐఫెల్ కొండల ప్రాంతంలో సస్పెన్షన్, వీల్ అలైన్‌మెంట్ పని చేస్తాను. నూర్బర్గ్‌రింగ్ ట్రాక్ పక్కనే ఉంది కాబట్టి మా దగ్గరికి పోర్షె 911 జీటీ3, దానికంటే ఇంకా ట్రాక్ వైపు మొగ్గిన జీటీ3 ఆర్‌ఎస్ కార్లు ఎక్కువగా వస్తాయి. పని అయ్యాక ప్రతి కారునూ బయట రోడ్డు మీద నడిపి చూస్తాను. గతుకులో చక్రం ఎలా దిగుతోంది, బ్రేక్ వేస్తే ఎటైనా లాగుతోందా, స్టీరింగ్ నిటారుగా ఉంటోందా అని. అంటే ఈ కార్లు నాకు బాగా తెలిసింది ట్రాక్ మీద కాదు, ట్రాక్టర్లూ పాల ట్యాంకర్లూ తిరిగే రోడ్ల మీద. ఇక్కడి తెలుగువాళ్లు, హైదరాబాద్ నుంచి ఫోన్ చేసేవాళ్లు అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వాటి గురించే రాస్తున్నాను. అంకెలన్నీ 992 తరం (911లో ఈ తరానికి పోర్షె పెట్టుకున్న సంకేతం) కార్లవి.

అపోహ: వింగ్ ఎంత పెద్దదైతే రోడ్డు మీద కారు అంత అతుక్కుని పోతుంది.

"అన్నా, ఆర్‌ఎస్ వెనక అంత వింగ్ ఉంది కదా, మలుపులో భయం ఉండదు కదా?" అని అడుగుతారు. ఆర్‌ఎస్‌కి కంపెనీ చెప్పే డౌన్‌ఫోర్స్, అంటే గాలి కారును కిందికి నొక్కే బలం, గంటకు 285 కిలోమీటర్ల వేగంలో 860 కిలోలు, 200 వేగంలో 409 కిలోలు. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం సగమైతే ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది. ఊళ్ల మధ్య రోడ్ల మీద ఇక్కడ పరిమితి 100. ఆ వేగంలో లెక్క కడితే మిగిలేది సుమారు 100 కిలోలు. 1,450 కిలోల కారుకు అది కాస్త సాయమే తప్ప మలుపులో నమ్ముకునేంత బలం కాదు. 60 వేగంలో తిరిగే కొండ మలుపులో అయితే దాదాపు ఏమీ లేనట్టే. అక్కడ కారును పట్టి ఉంచేది టైరు, దాన్ని నేలకు ఆనించి ఉంచే సస్పెన్షన్. రోడ్డుకే వాడేవాళ్లు వింగ్ కోసం ఆర్‌ఎస్ కొనడం నాకు సబబుగా అనిపించదు. పైగా ఆర్‌ఎస్‌లో ముందు డిక్కీ ఉండదు, ఆ చోటంతా రేడియేటర్‌దే. మామూలు జీటీ3, లేదంటే వెనక పెద్ద వింగ్ లేకుండా వచ్చే టూరింగ్ రోడ్డుకు సరిపోయే కార్లు.

అపోహ: సస్పెన్షన్ గట్టిగా ఉంటేనే గ్రిప్.

నున్నటి ట్రాక్ మీద ఇందులో కొంత నిజం ఉంది. గతుకుల రోడ్డు మీద గట్టి సస్పెన్షన్ చక్రాన్ని గాల్లోకి ఎగరేస్తుంది, గాల్లో ఉన్న టైరు ఏ పనీ చేయదు. అందుకే రోడ్డు మీద డ్యాంపర్లను (షాక్ అబ్జార్బర్లను) మెత్తటి సెట్టింగ్‌లోనే ఉంచమంటాను. ఇంజిన్ స్పోర్ట్‌లో ఉన్నా పర్వాలేదు. ఆర్‌ఎస్‌లో డ్యాంపర్ నొక్కుకునే వేగాన్నీ, తిరిగి లేచే వేగాన్నీ ముందు వెనక చక్రాలకు వేర్వేరుగా స్టీరింగ్ మీది నాబ్‌లతోనే మార్చుకోవచ్చు. చాలామంది అన్నిటినీ ప్లస్ వైపు తిప్పేసి కారు బాగా లేదంటారు. మైనస్ వైపు తిప్పి అదే రోడ్డు మీద ఇంకోసారి పొమ్మంటే ముఖాలు మారిపోతాయి.

ఈ తరం జీటీ3కి ముందు చక్రాలకు డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ ఇచ్చారు, అంటే చక్రాన్ని పైనొకటి, కిందొకటి ఆర్మ్‌లు పట్టి ఉంచుతాయి. రోడ్డు మీద తిరిగే 911కి అది రావడం అదే మొదటిసారి, ఆలోచన ఆర్‌ఎస్‌ఆర్ రేస్ కారు నుంచి వచ్చింది. ట్రాక్ సమయం తగ్గించడానికే పెట్టారని అనుకుంటారు గానీ, నా దృష్టిలో దాని అసలు లాభం తెలిసేది గతుకుల మలుపులోనే. చక్రం పైకి లేచినా దాని వాలు సరిగ్గా నిలుస్తుంది, స్టీరింగ్ చేతుల్లో అదరదు. పాత తరం కారుతో అదే మలుపు తిరిగితే చేతుల్ని కాస్త సవరించుకుంటూ పోవాలి. ఇందులో ఆ అవసరం చాలావరకు తగ్గింది. 60 వేగంలో కూడా ఈ తేడా తెలుస్తుంది. ఈ కారులో నాకు అన్నిటికంటే ఇష్టమైన గుణం ఇదే.

అపోహ: ట్రాక్ అలైన్‌మెంట్ పెట్టిస్తే రోడ్డు మీద కూడా కారు చురుగ్గా ఉంటుంది.

నా పని ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. చక్రం పైభాగం లోపలికి వాలి ఉండడాన్ని నెగటివ్ క్యాంబర్ అంటాం. ట్రాక్ మీద గట్టిగా మలుపు తిరిగితే కారు పక్కకు ఒరిగి, వాలిన టైరు పూర్తిగా నేలకు ఆనుతుంది. అందుకే ట్రాక్‌కు వెళ్లేవాళ్లు ముందు చక్రాలకు మైనస్ 2.5 నుంచి 3 డిగ్రీల దాకా అడుగుతారు. జీటీ కార్లలో కింది ఆర్మ్ రెండు ముక్కలుగా ఉంటుంది. మధ్యలో షిమ్‌లు (సన్నటి లోహపు పలకలు) చేర్చితే ఆ వాలు వస్తుంది.

రోడ్డు మీద ఎవరూ కారును అంతగా ఒరిగించరు, ఒరిగించకూడదు కూడా. కాబట్టి టైరు ఎక్కువసేపు లోపలి అంచు మీదే నడుస్తుంది. తిన్నగా బ్రేక్ వేసినప్పుడు నేలను పట్టే భాగం తగ్గుతుంది. లారీల వల్ల గాళ్లు పడిన ఆటోబాన్ (జర్మనీ హైవే) కుడి వరుసలో స్టీరింగ్ తనంతట తాను ఆ గాడి వెంట పోవాలని చూస్తుంది. కారు చురుగ్గా ఉందని కొందరు చెప్పుకునేది నిజానికి ఈ లాగుడునే.

క్యాంబర్ కంటే టైరును త్వరగా తినేది టో. అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం. షిమ్ పెట్టి క్యాంబర్ మారిస్తే టో కూడా మారిపోతుంది. క్యాంబర్ ఒక్కటే చూసి పంపిస్తే కొద్ది రోజుల్లోనే లోపలి అంచు అరిగిపోతుంది. జీటీ3 వెనక టైరు వెడల్పు 315 మిల్లీమీటర్లు, బయటి నుంచి చూస్తే గాడి బాగానే కనిపిస్తుంది. కారును లిఫ్ట్ మీదికి ఎత్తి లోపలి అంచు మీద చేయి పెట్టి చూస్తే గానీ సంగతి బయటపడదు. అలైన్‌మెంట్ చేయించేటప్పుడు డ్రైవర్ సీట్లో మీ బరువంత బరువు పెట్టించండి, ఇంధనం ఎంత ఉందో రాయించండి, పని ముందూ తర్వాతా తీసిన కొలతల కాగితం తీసుకోండి. ఏడాదికి రెండు మూడు సార్లు ట్రాక్‌కు వెళ్లి, మిగతా రోజులన్నీ రోడ్డు మీద తిరిగే కారుకు కంపెనీ చెప్పిన కొలతలు చాలు.

అపోహ: ట్రాక్ టైరుకు ఎప్పుడైనా మామూలు టైరు కంటే పట్టు ఎక్కువే.

ఎండలో, వేడెక్కాక నిజమే. ఐఫెల్‌లో ఏప్రిల్ ఉదయం, అక్టోబర్ సాయంత్రం మాత్రం నిజం కాదు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2 లాంటి టైరు రబ్బరు వేడిలో మెత్తబడి పట్టు ఇస్తుంది. పది డిగ్రీల లోపు చలిలో, నెమ్మదిగా నడిపితే అది వేడెక్కదు. ట్రాక్ మీద లాగా ఎడమకూ కుడికీ ఊపి వేడెక్కించడం రోడ్డు మీద కుదరదు, దానివల్ల పెద్దగా ఫలితం కూడా ఉండదు. ఇక నీళ్లు. కొత్త టైరులోనే గాడి లోతు మామూలు టైరు కంటే తక్కువ, అంచుల దగ్గర గాళ్లూ తక్కువే. చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా అనుమతిస్తుంది. వానలో ఆ లోతుతో ఈ కారును ఆటోబాన్ ఎక్కించవద్దని గట్టిగా చెబుతాను. వెడల్పు టైరు నీటి మీద తేలిపోవడానికి 510 హార్స్‌పవర్ అక్కర్లేదు, 80 వేగం, నిలిచిన నీరు చాలు. ట్రాక్‌కు అస్సలు వెళ్లనివాళ్లకు అదే సైజులో పైలట్ స్పోర్ట్ 4 ఎస్ తరహా రోడ్డు టైరు వేయించుకోమంటాను. కారు తక్కువదైపోదు, టెన్షన్ తగ్గుతుంది.

అపోహ: సెరామిక్ బ్రేకులుంటే కారు తక్కువ దూరంలో ఆగుతుంది.

రోడ్డు మీద ఒక్కసారి గట్టిగా బ్రేక్ వేస్తే ఆగే దూరాన్ని నిర్ణయించేది టైరు పట్టు. మామూలు ఇనుప డిస్కులు కూడా చక్రాన్ని ఏబీఎస్ (చక్రం లాక్ కాకుండా చూసే వ్యవస్థ) హద్దు దాకా తీసుకెళ్లగలవు. సెరామిక్ లాభం వేరు. బరువు దాదాపు సగం, వరసగా ఎన్ని ల్యాప్‌లు బ్రేక్ వేసినా బలం అంత తేలిగ్గా తగ్గదు. చక్రాల దగ్గర బరువు తగ్గడం వల్ల గతుకుల్లో కాస్త తేలిక తెలుస్తుంది. డిస్కు మార్చాల్సి వస్తే ఖర్చు మాత్రం చాలా ఎక్కువ.

అపోహ: 9,000 ఆర్‌పీఎం తిరిగే ఇంజిన్‌తో రోడ్డు మీద ఏం లాభం?

ఇందులో సగం ఒప్పుకుంటాను. రెండో గేర్ పూర్తయ్యేలోపే వంద దాటుతుంది కాబట్టి మూడో గేర్‌లో ఆ అంకె దాకా వెళ్లే చోటు ఊరి రోడ్డు మీద లేదు. కానీ ఈ నాలుగు లీటర్ల ఇంజిన్‌కు టర్బో లేదు. పెడల్ మీద కాలు కొంచెం కదిపితే అంతే కదులుతుంది. తడి రోడ్డు మీద మలుపు మధ్యలో దీనికి మించిన భద్రత నాకు కనబడదు. నాలుగు వేల దగ్గర వచ్చే స్వరం కోసం పరిమితి దాటాల్సిన పని లేదు.

అపోహ: నూర్బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్, అక్కడ ట్రాఫిక్ రూల్స్ ఉండవు.

నూర్బర్గ్‌రింగ్‌లో 1927లో తెరిచిన పొడవైన పాత సర్క్యూట్ నార్డ్‌ష్లైఫె, దాని పొడవు 20.832 కిలోమీటర్లు. అందరికీ తెరిచే రోజుల్లో అది టోల్ కట్టి వెళ్లే వన్‌వే రోడ్డు, జర్మనీ ట్రాఫిక్ చట్టం వర్తిస్తుంది. ఎడమవైపు నుంచే ఓవర్‌టేక్ చేయాలి, సమయం కొలవడం నిషేధం. 2021లో ఈ తరం జీటీ3 పేరున ప్రకటించిన 6 నిమిషాల 59.927 సెకన్ల ల్యాప్, రోడ్డు మూసి కంపెనీ డ్రైవర్ చేసింది. ఆ అంకెతో మీ డ్రైవింగ్‌ను పోల్చుకోకండి. చాలా బీమా పాలసీలు అక్కడి నష్టాన్ని మినహాయిస్తాయి, రైలింగ్ విరిగితే బిల్లు మీకే వస్తుంది. వెళ్లే ముందు పాలసీ చదవండి.

హైదరాబాద్ నుంచి అడిగేవాళ్లకు రెండు మాటలు. ముందు భాగాన్ని పైకి లేపే లిఫ్ట్ ఆప్షన్ లేకుండా కొనకండి, స్పీడ్ బ్రేకర్ల దగ్గర ముందు బంపర్ కింది అంచు మిగలదు. చక్రానికి ఒకటే నట్టు, దాన్ని 600 న్యూటన్ మీటర్ల బలంతో బిగించాలి, స్టెపినీ ఉండదు. ఓఆర్‌ఆర్ మీద పంక్చర్ అయితే పక్కన షాపులో విప్పించే ప్రయత్నం చేయకుండా ఫ్లాట్‌బెడ్ (కారును పైకెక్కించుకుని తీసుకెళ్లే ట్రక్కు) పిలిపించండి.

అపోహ: తక్కువ తిరిగిన పాత కారు కళ్లు మూసుకుని కొనొచ్చు.

గ్యారేజీలో నిలబడిన కారుకు టైర్లు గట్టిపడతాయి, గాడి నిండుగా ఉన్నా పట్టు ఉండదు. టైరు పక్కన నాలుగంకెల తేదీ చూడండి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైంది. నాలుగు టైర్లకూ అది చూసి, ఆఖరి అలైన్‌మెంట్ కాగితం అడగండి. కాగితం లేదంటే కొత్త టైర్ల ఖర్చూ, అలైన్‌మెంట్ ఖర్చూ కలుపుకుని బేరం ఆడండి.