పళ్ళ తెలుపు: క్లినిక్‌లోనా, ఇంట్లోనా? అపోహలు - వాస్తవాలు

శ్రావణం, మాఘం దగ్గరపడ్డాయంటే మా క్లినిక్‌లో ఒకటే మాట. "డాక్టరుగారూ, పెళ్ళి పది రోజుల్లో ఉంది, పళ్ళు తెల్లగా చేసేస్తారా?" చేస్తాం. అయితే ముందు ఆ పసుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. విశాఖలో ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, డబ్బు పెట్టి మరీ నిరాశపడ్డవాళ్ళలో చాలామంది ఈ సంగతి చూసుకోనివాళ్ళే.

అపోహ: క్లినిక్‌లో చేయించుకుంటేనే తెలుపు. ఇంటికిచ్చేది నామమాత్రం.

వాస్తవం: రెండింట్లోనూ పనిచేసే మందు పెరాక్సైడే. కుర్చీలో కూర్చోబెట్టి వాడేది సాధారణంగా 25 నుంచి 40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. చిగురుకు తగిలితే కాలుతుంది, అందుకే ముందు చిగుళ్ళ మీద రక్షణ పూత వేస్తాం. గంట, గంటన్నరలో పని అయిపోతుంది, చాలామందికి రెండోసారీ రావాల్సి ఉంటుంది. ఇంటికిచ్చేది ఎక్కువగా 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్. అది విడిపోతే వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు 3.5 శాతమే. మీ పళ్ళకు అచ్చు తీసి, వాటికే అతికేలా పల్చటి ట్రే చేసిస్తాం. అందులో చుక్క చుక్కగా జెల్ వేసి, రాత్రి పెట్టుకుని పడుకోవాలి. దాదాపు రెండు వారాలు. 1989లో వెలుగులోకి వచ్చిన పద్ధతి ఇది. చివరికి ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెడితే ఎవరు ఏది చేయించుకున్నారో చెప్పడం నాకే కష్టం. పైగా గాఢమైన జెల్‌తోనే పళ్ళు ఎక్కువ జివ్వుమంటాయి. జివ్వుమన్నా కొద్దిరోజుల్లో తగ్గుతుంది, పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడితే ఉపశమనం. తొందర లేనివాళ్ళకు నేను ట్రేనే చెప్తాను, మా క్లినిక్‌కి ఆదాయం తగ్గినా సరే.

అపోహ: క్లినిక్‌లో జెల్ మీద నీలం లైటు వెయ్యకపోతే పని జరగదు.

వాస్తవం: లైటు వేసినా వెయ్యకున్నా చివరికి మిగిలే రంగులో చెప్పుకోదగ్గ తేడా కనబడదు. అంతసేపు నోరు తెరిచి ఉంచితే పళ్ళలో తడి ఆరిపోతుంది, ఆరిన పన్ను సుద్దముక్కలా తెల్లగా కనిపిస్తుంది. అద్దంలో చూసుకుని మురిసిపోతారు. రెండు మూడు రోజుల్లో ఆ తెలుపు కాస్త దిగుతుంది, అప్పుడు నాకు ఫోన్ వస్తుంది! అందుకే ముహూర్తానికి నాలుగు వారాల ముందే రండి.

"ఆన్‌లైన్ కిట్‌లోనూ ట్రే ఉంది కదా సార్" అన్నాడొక గాజువాక కుర్రాడు. ఉంది, కానీ అందరి నోటికీ ఒకటే సైజు. జెల్ పక్కకు కారి చిగుళ్ళ అంచులు తెల్లగా కాలిపోయి వచ్చాడు. వెనక పన్నులో పుచ్చు కూడా ఉంది, దాని సంగతి కిట్‌కేం తెలుసు? ఐరోపా దేశాల్లో 0.1 శాతం దాటిన పెరాక్సైడ్‌ను దుకాణంలో అమ్మనివ్వరు. 6 శాతం వరకూ డాక్టరు చేతిమీదుగానే ఇవ్వాలి.

అపోహ: నిమ్మచెక్క, ఉప్పు, బొగ్గు. ఖర్చు లేదు, పాతకాలం వైద్యం.

వాస్తవం: పన్ను పైపొర ఎనామెల్. అరిగితే మళ్ళీ పెరగదు. దాని కింద ఉండే డెంటిన్ పుట్టుకతోనే పసుపు. నిమ్మరసం ఎనామెల్‌ను మెత్తబరుస్తుంది, ఉప్పూ బొగ్గూ దాన్ని గీకేస్తాయి. తెలుపు కోసం తోమినకొద్దీ లోపలి పసుపు బయటపడుతుంది. బీచ్ రోడ్డులో నిమ్మసోడా తాగండి, నేనూ తాగుతాను. తాగాక నీళ్ళతో పుక్కిలించండి, అరగంట దాకా బ్రష్ ముట్టుకోకండి.

వైటెనింగ్ పేస్టులు టీ, కాఫీల పైమరక తీస్తాయి, అంతకు మించి ఆశించకండి.

అపోహ: అన్ని పళ్ళూ ఒకేలా తెల్లబడతాయి.

వాస్తవం: క్యాపులు, ఫిల్లింగులు రంగు మారవు. ముందు పన్నుకు క్యాపు ఉంటే చుట్టూ తెల్లబడి అదొక్కటే పసుపుగా మిగిలిపోతుంది. దెబ్బ తగిలి నల్లబడ్డ పన్నుకు లోపలి నుంచి మందు పెట్టాలి. చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడినవాళ్ళ బూడిదరంగుకు నెలల తరబడి ట్రే పెట్టాలి. ప్రకాశం, నల్గొండ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళలో ఫ్లోరైడ్ నీళ్ళ మరకలు చూస్తుంటాను. వాటి చికిత్స దారే వేరు. గర్భిణులకు, 18 ఏళ్ళలోపు పిల్లలకు నేను ఏ పద్ధతీ చెయ్యను.

ఇక చుట్ట. మన ఉత్తరాంధ్ర తీరంలో పెద్దవయసు ఆడవాళ్ళు కొందరు ఇప్పటికీ నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు, అడ్డపొగ అంటారు. మనవరాలి పెళ్ళని ఒకావిడను కొడుకు తీసుకొచ్చాడు. "పళ్ళు నల్లగున్నాయని పిల్ల నవ్వుతోంది బాబూ" అందావిడ. నేను పళ్ళకంటే ముందు అంగిలి చూశాను. తెల్లటి మందపు పొర, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. ఆ వేడీ పొగా నేరుగా తగిలేది అక్కడే, క్యాన్సర్ మొదలయ్యే అవకాశమూ అక్కడే. బ్లీచింగ్ చెయ్యలేదు. స్కేలింగ్ చేసి, అంటే పళ్ళ మీద గట్టిపడ్డ గార తీసేసి, అంగిలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాను. స్కేలింగ్‌తోనే నలుపు సగం పోయింది. చుట్ట మానితే మిగతా మాట చూద్దామన్నాను.