పాత సీకో 5 అసలుదేనా?

నెమలి నీలం, చిలకపచ్చ, కుంకుమరంగు డయళ్లతో తళతళలాడే పాత సీకో 5 వాచీలు ఆన్‌లైన్‌లో చవగ్గా, కుప్పలుగా దొరుకుతాయి. విదేశీ సేకర్తలు వీటికి ‘ముంబై స్పెషల్’ అని పేరు పెట్టారు. మెచ్చుకుని పెట్టిన పేరు కాదది. అలాగని వీటిని పూర్తి నకిలీలనీ అనలేం. చాలావాటిలో లోపల తిరిగేది జపాన్ యంత్రమే, వెనక మూత కూడా సీకోదే. డయల్‌కు మాత్రం పాత రంగు గీకి, కొత్తది వేసి, అక్షరాలు మళ్లీ అచ్చుకొట్టి ఉంటారు. ముళ్లు మరో వాచీవి. కాబట్టి ‘అసలా, నకిలీనా’ అంటే జవాబు రాదు. ఏ భాగం ఎప్పటిది, అవన్నీ మొదటినుంచీ కలిసే ఉన్నాయా అని అడగాలి.

ముందు వాచీ తిరగేయండి. ‘7009-876ఏ’ లాంటి సంకేతం కనిపిస్తుంది. గీతకు ముందున్నది యంత్రం నంబరు, తర్వాతది కేసుది, అంటే యంత్రాన్ని మూసి ఉంచే బయటి డొల్లది. పక్కనే ఆరంకెల సీరియల్ నంబరు ఉంటుంది. అందులో మొదటి అంకె తయారైన సంవత్సరంలోని చివరి అంకె, రెండోది నెల. అక్టోబరుకు ‘ఓ’ లేదా సున్నా, నవంబరుకు ‘ఎన్’, డిసెంబరుకు ‘డి’. దశాబ్దం మాత్రం చెప్పదు! దాన్ని యంత్రాన్ని బట్టే లెక్కకట్టాలి. 6119 యంత్రం 1960ల చివర వచ్చి 1970లలో ఆగిపోయింది కాబట్టి, మూత మీద మొదటి అంకె 1 అయితే అది 1971 వాచీయే. 7009 దగ్గర అంత సులువు కాదు. అది 1970ల నడుమ మొదలై చాలా ఏళ్లు నడిచింది. అక్కడ 8 అంటే 1978 కావచ్చు, 1988 కావచ్చు.

ఇప్పుడు భూతద్దంతో డయల్ అడుగున, 6 గంటల గుర్తు కింద చూడండి. అక్కడ చీమల బారులా ఉండే అక్షరాల్లో యంత్రం నంబరు మళ్లీ కనిపించాలి. మూత మీద 7009, డయల్ మీద 6309 ఉంటే రెండు వాచీలను కలిపారన్నమాట. మళ్లీ అచ్చుకొట్టిన డయళ్ల మీద ఈ వరుస అసలుండదు, లేదంటే అలుక్కుపోయి ఉంటుంది. ఫ్యాక్టరీ అచ్చులో అక్షరాల అంచులు పదునుగా, సిరా మందం ఒకేలా ఉంటుంది. నా మటుకు నేను ధర చూడకముందే ఈ వరుస చూస్తాను.

చీకట్లో మెరిసే పూత ఇంకా బాగా పట్టిస్తుంది. పాతకాలపు పూతల్లో జింక్ సల్ఫైడ్ ఉండేది. వెలుగు తగిలితే కాసేపు మెరిసి, త్వరగా ఆరిపోతుంది. కొన్ని కంపెనీలు దాన్ని నిరంతరం వెలిగించడానికి ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని కలిపేవి. ట్రిటియం అర్ధాయువు, అంటే సగానికి తరిగిపోయే కాలం, సుమారు 12.3 ఏళ్లు. అంటే యాభై ఏళ్లకు మిగిలేది పదహారో వంతు. గంటల తరబడి వెలిగే స్ట్రాన్షియం అల్యూమినేట్ పూతలు 1990లలో గానీ రాలేదు. 1975 నాటిదంటున్న వాచీ అర్ధరాత్రి దాకా పచ్చగా వెలుగుతోందంటే, ఆ పూత కొత్తగా వేసిందే.

వారం పేర్ల చక్రం మరో చిన్న ఆధారం. గల్ఫ్ మార్కెట్‌కు వెళ్లిన సీకోల్లో అరబ్బీ, ఇంగ్లిషు రెండూ ఉండేవి. దుబాయి నుంచి బాబాయి తెచ్చాడన్న వాచీలో అరబ్బీ వారం కనబడితే ఆ మాట నమ్మొచ్చు, గట్టిగా కాదు. చక్రాన్ని మార్చడం పెద్ద పనేం కాదు.

చివరికి యంత్రం. ఆటోమేటిక్ వాచీలో చెయ్యి కదిలినప్పుడల్లా అర్ధచంద్రాకారపు బరువు, అదే రోటర్, తిరుగుతుంది. సీకో 1959లో తెచ్చిన ‘మ్యాజిక్ లివర్’ అనే మీటకు రెండు చేతులుంటాయి. ఒకటి పళ్ల చక్రాన్ని లాగితే రెండోది నెడుతుంది. రోటర్ ఎటు తిరిగినా స్ప్రింగు చుట్టుకుంటుంది. మూత తీయిస్తే లోపల ‘7009ఏ’ అని, 17 జ్యూయెల్స్ (చక్రాల ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్లు) అని చెక్కి ఉండాలి. అయితే రోటర్‌ను ఒక స్క్రూ తిప్పి మార్చేయొచ్చు, అందుకని రాతనే నమ్ముకోకండి. 7009కు చేత్తో కీ ఇవ్వడం కుదరదు. క్రౌన్‌ను, అంటే వాచీ పక్కనుండే మరను, పూర్తిగా బయటికి లాగినా సెకన్ల ముల్లు ఆగదు. ఆగిందంటే లోపల ఎన్‌హెచ్36 లాంటి కొత్త యంత్రం పెట్టారేమోనని అనుమానించాలి. 1996లో వచ్చిన సీకో యంత్రం 7ఎస్26 మాత్రం ఈ పరీక్షకు దొరకదు, దాని ముల్లూ ఆగదు. అప్పుడు మూత తీసి రోటర్ పక్కకు జరిపి, కింది పలక మీద ఏ నంబరుందో చదవాల్సిందే.