ఫ్రాన్స్‌లో పీహెచ్‌డీకి పే స్లిప్ ఎలా వచ్చింది

మా అక్క కొడుకు వరంగల్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేశాడు. ఫోన్ చేస్తే ఒకటే ప్రశ్న: "మామా, ఫ్రాన్స్‌ల పీహెచ్‌డీ సీటొస్తే స్కాలర్‌షిప్ ఎంతిస్తరు?" అక్కడ, ముఖ్యంగా సైన్సుల్లో, ముందు సీటు, ఆ తర్వాత డబ్బు అనే వరస లేదు. డబ్బు దొరికాకే సీటు. ఆ డబ్బును కూడా ఎక్కువ చోట్ల స్కాలర్‌షిప్ అనరు.

వాడికి అర్థం కావాలని, అక్కడ పరిశోధన చేస్తున్న ఒక స్నేహితురాలి పే స్లిప్ పేరు చెరిపేసి పంపాను. పైన యజమాని స్థానంలో యూనివర్సిటీ. గ్రాస్ 2,300 యూరోలు. దాని కింద వరసగా కోతలు: పెన్షన్‌కి ఇంత, సామాజిక పన్నులకి ఇంత. అట్టడుగున చేతికొచ్చేది, సుమారు 1,850. "ఇంత కట్ చేస్తరా!" అని వాడు డీలా పడ్డాడు. నిజానికి ఆ కోతల కోసమే అక్కడి పరిశోధక విద్యార్థులు ఏళ్ల తరబడి కొట్లాడారు. కోత ఉందంటే అది జీతం అన్నమాట. మన దగ్గర పరిశోధక విద్యార్థులకిచ్చే జేఆర్‌ఎఫ్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. అది పడ్డ నెల పడుతుంది, పడని నెల పడదు. పీఎఫ్ మాటే లేదు.

ఫ్రాన్స్‌లో కూడా మొదట్లో ఇదేమీ లేదు. మేరీ క్యూరీ సంగతే చూడండి. 1893లో పోలండ్ నుంచి 600 రూబుళ్ల స్కాలర్‌షిప్ వస్తే ప్యారిస్‌లో గణితం డిగ్రీ పూర్తి చేయగలిగింది. సంపాదన మొదలయ్యాక ఆ మొత్తం తిరిగి కట్టేసింది. తిరిగి కట్టమని ఎవరూ అడగలేదు. తర్వాత ఉక్కు అయస్కాంత గుణాల మీద ఒక పారిశ్రామిక సంఘం అప్పగించిన పని చేసింది. రేడియం మీద థీసిస్ సాగిన కాలంలో ఇల్లు గడిచింది భర్త జీతంతోనూ, 1900 నుంచి సెవ్ర్‌లోని ఆడపిల్లల కాలేజీలో ఆమె చెప్పిన పాఠాలతోనూ. 1903 జూన్‌లో థీసిస్ సమర్పించింది, అదే ఏడాది డిసెంబరులో నోబెల్ వచ్చింది. ఆ థీసిస్‌కంటూ ప్రభుత్వం నెలనెలా ఇచ్చిందేమీ లేదు.

అప్పటి పద్ధతే అది. స్కూల్లో పంతులుగా చేరి, రాత్రిళ్లు కూర్చుని పదేళ్లో పదిహేనేళ్లో 'దొక్తొరా దెతా' అనే మహా థీసిస్ రాయడం. విదేశీయుల కోసం 1897లో వేరే డాక్టరేట్ పెట్టారు కానీ, దానితో ఫ్రాన్స్‌లో సర్కారు కొలువుకు హక్కు రాదు. చదువుకో, పట్టా పుచ్చుకో, మీ ఊరెళ్లిపో అన్నట్టు.

1939 అక్టోబరులో సీఎన్‌ఆర్‌ఎస్ అనే జాతీయ పరిశోధన సంస్థ పుట్టింది. యుద్ధం తర్వాత అది కుర్ర పరిశోధకులను 'అతాషే' హోదాలో జీతానికి పెట్టుకోవడం మొదలుపెట్టింది. యూనివర్సిటీల్లో అసిస్టెంట్లుగా చేరినవాళ్లూ అంతే: ముందు ఉద్యోగం, ఉద్యోగం చేస్తూ థీసిస్. ఆ తరం పెద్ద ప్రొఫెసర్లలో చాలామంది అలా పైకొచ్చినవాళ్లే. నిధులు ఎలా వెతుక్కోవాలన్నది అప్పట్లో వాళ్లకు అంత పెద్ద సమస్య కాదు.

మలుపు 1970, 80లలో వచ్చింది. కొత్త పోస్టులు తగ్గాయి. 1976లో ప్రభుత్వం 'రీసెర్చ్ అలొకేషన్' అనే నెలసరి భత్యం తెచ్చింది. 1981లో 'సిఫ్ర్' అనే పథకం వచ్చింది. ఇందులో కంపెనీయే విద్యార్థిని ఉద్యోగంలో పెట్టుకుంటుంది, ప్రభుత్వం కంపెనీకి ఏటా సబ్సిడీ ఇస్తుంది. అది చాలాకాలం 14,000 యూరోల దగ్గరే ఉంది. 1982 చట్టం తర్వాత సీఎన్‌ఆర్‌ఎస్ పరిశోధకులు ప్రభుత్వోద్యోగులయ్యారు. మంచి మాటే, కానీ దానికి మరో వైపుంది. ఇక లోపలికి రావాలంటే చేతిలో డాక్టరేట్ ఉండాలి. అంటే థీసిస్ ఉద్యోగం లోపలి నుంచి గడప అవతలికి జరిగిపోయింది. 1984 చట్టం పాత డాక్టరేట్లన్నీ తీసేసి ఒకే డాక్టరేట్ చేసింది, మూడు నాలుగేళ్లలో ముగిసేలా.

ఆ 1976 నాటి భత్యమేమో ఏళ్ల తరబడి పెరగక కనీస వేతనం దరిదాపుల్లోకి జారింది. అది కూడా దొరకనివాళ్ల కోసం ఇంకో దారి ఉండేది. ఫౌండేషన్లు, సంఘాలు 'లిబెరాలితే' పేరుతో చేతిలో పెట్టే సొమ్ము. దయాదానం అని అర్థం చెప్పుకోవచ్చు. దాని మీద పెన్షన్ జమ కాదు, పని పోతే భృతి రాదు. విద్యార్థుల సంఘాలు 1990ల చివరి నుంచి ఈ మాట మీదే పట్టుబట్టాయి: మేం చేసేది పని, పనికి కాంట్రాక్టు ఇవ్వండి. 2009 ఏప్రిల్ 23న వచ్చిన డిక్రీ 'కొంత్రా దొక్తొరాల్' తెచ్చింది, మూడేళ్ల ఉద్యోగ ఒప్పందం. 2020లో గ్రాస్ సుమారు 1,760 ఉండేది, కనీస వేతనం కంటే రెండొందల చిల్లర ఎక్కువ. ఆ ఏడాది చివర చేసిన పరిశోధన చట్టం పుణ్యమా అని మెట్టుమెట్టుగా పెరిగి 2026 జనవరికి 2,300 అయింది.

ఫీజు గురించి కూడా మా అక్క కొడుక్కి ఓ టెన్షన్ ఉండేది. 2018 నవంబరులో అప్పటి ప్రధాని ఎడ్వార్ ఫిలిప్, యూరప్ బయటివాళ్లకు మాస్టర్స్‌తో పాటు డాక్టరేట్‌కు కూడా ఏడాదికి 3,770 యూరోల ఫీజు అన్నాడు. గొడవైంది. మూడు నెలలకే డాక్టరేట్‌ను ఆ లెక్కలోంచి తీసేశారు. ఇప్పుడు ఏడాదికి సుమారు 400 యూరోలే, ఫ్రెంచివాళ్లకెంతో మనకూ అంతే.

కాబట్టి వెతకాల్సింది స్కాలర్‌షిప్పుల జాబితాలో కాదు, ఉద్యోగ ప్రకటనల్లో. సీఎన్‌ఆర్‌ఎస్ జాబ్ పోర్టల్, యూరాక్సెస్, ఏబీజీ వీటికి పేరున్న చోట్లు. 2005లో ఏఎన్‌ఆర్ అనే జాతీయ నిధుల సంస్థ వచ్చాక, గైడు తన ప్రాజెక్టు డబ్బుతో మనిషిని పెట్టుకోవడం బాగా పెరిగింది. అప్పుడు టాపిక్ మనది కాదు, ఆయనది. మన టాపిక్‌తోనే వెళ్లాలంటే 'ఎకోల్ దొక్తొరాల్', అంటే యూనివర్సిటీలో డాక్టరేట్లు చూసే విభాగం, పెట్టే పోటీ ఉంది. గైడు ముందే ఒప్పుకోవాలి. ఎక్కువ చోట్ల మే, జూన్‌లలో కమిటీ ముందు కొద్ది నిమిషాలు మాట్లాడాలి. కాంట్రాక్టులు చాలా కొద్ది. మనవాళ్లు గైడుకు మెయిల్ పెట్టేది తరచూ ఏప్రిల్‌లో, ఆయన మనిషిని ఎంచుకునేది ఆ ముందు చలికాలంలోనే. ఐఫెల్ స్కాలర్‌షిప్ పేరు ఇక్కడ బాగా వినిపిస్తుంది కానీ, డాక్టరేట్‌కు అది గరిష్ఠంగా 12 నెలలే. రామన్-చార్‌పాక్ ఫెలోషిప్ ఇంకా తక్కువ కాలానికి, అదీ ముఖ్యంగా ఇప్పటికే పీహెచ్‌డీలో చేరి ఉన్నవాళ్లకు.

సాహిత్యం, చరిత్ర లాంటి శాఖల్లో కథ వేరు. అక్కడ కాంట్రాక్టు దొరకనివాళ్లు ఇప్పటికీ చాలామంది, పాతకాలంలోలా స్కూళ్లలో పాఠాలు చెప్పుకుంటూ రాస్తారు. దొరికినవాళ్లకు కూడా థీసిస్ మూడేళ్లలో తేలదు. నాలుగో ఏడు 'అతేర్' అనే తాత్కాలిక పంతులు పోస్టు దొరికితే సరే. లేకపోతే ఆ పే స్లిప్‌లో ఉన్న జీతం హోదా అక్కరకొస్తుంది. మూడేళ్లు జీతగాళ్లుగా చేశారు కాబట్టి నిరుద్యోగ భృతికి హక్కుంటుంది. ఆఖరి అధ్యాయాలు ఆ భృతి మీదే రాయడం అక్కడ అందరికీ తెలిసిన విషయమే. థీసిస్‌ల కృతజ్ఞతల పేజీలో గైడు ఉంటాడు, అమ్మానాన్నలు ఉంటారు, పిల్లి కూడా ఉంటుంది. ఆ భృతి ఇచ్చిన ఆఫీసు పేరు మాత్రం నాకు ఇంతవరకు కనపడలేదు.