ఒక్క గొడవకి నాలుగు కేసులు ఎందుకవుతాయి?

విశాఖలో మనకి తెలిసిన ఏ ఇంట్లోనైనా మొగుడూపెళ్ళాల గొడవ కోర్టుకెక్కిందంటే జనం "ఫోర్ నైంటీ ఎయిట్ పెట్టారట" (అంటే మొగుడో, అత్తింటివాళ్ళో భార్యని హింసిస్తే పెట్టే 498ఎ కేసు) అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. తీరా లాయర్ దగ్గర ఫైలు తెరిస్తే అందులో ఉండేది ఒక్క కేసు కాదు. స్టేషన్‌లో కట్టిన క్రిమినల్ కేసు ఒక మేజిస్ట్రేట్ కోర్టులో, డీవీసీ అనే గృహహింస కేసు ఇంకో మేజిస్ట్రేట్ దగ్గర, మనోవర్తికి, అంటే పోషణ ఖర్చుకి, వేసిన కేసు (ఎంసీ) ఫ్యామిలీ కోర్టులో, దానికి జవాబుగా అబ్బాయి తరఫు విడాకుల పిటిషన్ (ఓపీ). దేని నంబరు దానిది, దేని వాయిదా దానిది. ఇదంతా లాయర్లు ఫీజుల కోసం చేసే పని అని చాలామంది తిట్టుకుంటారు. కొన్నిచోట్ల అదీ ఉంటుందేమో గానీ, అసలు కారణం ఇంకా పాతది. ఈ చట్టాలు ఒకేసారి కూర్చుని రాసినవి కావు. ఎప్పుడు ఏ చిల్లు కనిపిస్తే దానికో చట్టం తెచ్చారు, పాతవాటిని అలాగే ఉంచేశారు.

వీటిలో ముందు వచ్చింది మనోవర్తి. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే 488వ సెక్షన్‌గా ఉంది. కుటుంబ వ్యవహారం క్రిమినల్ కోడ్‌లో ఎందుకుందంటే, మొగుడు వదిలేసిన ఆడమనిషి, పిల్లలు దిక్కులేక రోడ్డున పడకూడదన్నది దాని ఉద్దేశం. ఏ మతం వాళ్ళయినా వెయ్యొచ్చు. 1973 కోడ్‌లో అదే 125 అయింది. అయితే నెలకి 500 రూపాయలు మించకూడదన్న నిబంధన 2001 దాకా కదల్లేదు, స్టీల్ ప్లాంట్‌లో ఆయన జీతం ఎంత పెరిగినా సరే.

విడాకులు 1955 హిందూ వివాహ చట్టంతోనే వచ్చాయనుకుంటాం. నిజానికి అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉన్న విశాఖలో హిందువులకి 1949 నాటి మద్రాసు చట్టంతోనే ఆ దారి తెరుచుకుంది. ఇప్పుడు అందరూ "మ్యూచువల్" అంటున్న పరస్పర అంగీకార విడాకులు మాత్రం 1976 సవరణతో గానీ రాలేదు.

ఇక కట్నం. ఒకప్పుడు ఈ జిల్లాలో డబ్బు ఎదురు దిశలో, మగపెళ్ళివారి నుంచి ఆడపిల్ల తండ్రికి, నడిచేది. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖ జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల జాబితా తీయిస్తే 1034 తేలాయి, అందులో ఏడాది పిల్లలు కూడా ఉన్నారు. తర్వాతి కాలంలో ఆడపిల్ల తండ్రే ఇచ్చుకోవడం మొదలైంది. దేశమంతటికీ 1961లో వరకట్న నిషేధ చట్టం వస్తే, ఆంధ్రప్రదేశ్ 1958లోనే సొంతంగా ఒకటి చేసుకుంది. ఏం లాభం? ఇచ్చినవాడూ నేరస్తుడే అన్నారు, పోలీసులు నేరుగా పట్టుకునే నేరంగానూ చెయ్యలేదు. మనవాళ్ళేమో లాంఛనాలు, ఆడపడుచు కట్నం, సారె అంటూ పేర్లు మార్చి కానిచ్చేశారు.

కొత్త కోడళ్ళు "స్టవ్ పేలి" చనిపోతున్న వార్తలు వరసగా వచ్చి, మహిళా సంఘాలు రోడ్డెక్కాక 1983లో 498ఎ వచ్చింది. మూడేళ్ళ దాకా జైలు, బెయిల్ హక్కుగా రాదు. 1986లో, పెళ్ళయిన ఏడేళ్ళలోపు జరిగే వరకట్న మరణాలకి 304బి. మధ్యలో 1984లో ఫ్యామిలీ కోర్టుల చట్టం చేశారు గానీ, క్రిమినల్ కేసుని దాని పరిధిలో పెట్టలేదు. చీలిక అక్కడే ఖాయమైంది.

ఇంకో లోటు మిగిలింది. 498ఎతో మొగుడు జైలుకెళ్ళొచ్చు, కానీ ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకోవాలి? ఆ ప్రశ్నకి జవాబే 2005 గృహహింస చట్టం. ఇంట్లో ఉండే హక్కు, రక్షణ, ఖర్చులకి డబ్బు, ఇవన్నీ మేజిస్ట్రేటే ఇప్పించొచ్చు. కోర్టుల్లో డీవీసీ అనేది ఇదే.

రెండోవైపు ఫిర్యాదూ తక్కువది కాదు. అమ్మాయి పెట్టిన 498ఎ కేసులో మొగుడితోపాటు అత్తామామలు, ఎప్పుడో పెళ్ళై వెళ్ళిపోయిన ఆడపడుచు, దుబాయ్‌లో ఉన్న మరిది కూడా నిందితులైపోయేవారు. 2012లో దేశంలో 498ఎ కింద 1,97,762 మంది అరెస్టయ్యారని, చార్జిషీట్లు 93.6 శాతం పడుతుంటే శిక్షలు 15 శాతమేనని 2014 అర్నేష్ కుమార్ తీర్పులో సుప్రీంకోర్టే రాసింది. ఏడేళ్ళలోపు శిక్ష పడే నేరాల్లో కారణం రాయకుండా అరెస్టు చేయొద్దంది. అందుకే ఇప్పుడు ముందు నోటీసు వస్తుంది, అప్పటి కోడ్‌లో 41ఎ సెక్షన్ కింద, ఇప్పటి కొత్త సంహితలో 35(3) కింద. దాన్ని చూసి గాజువాకలో ఓ రిటైర్డ్ మాస్టారు టెన్షన్‌తో ఊరు వదిలి పారిపోతే, అప్పుడే అరెస్టుకి కారణం దొరుకుతుంది. నోటీసులో చెప్పిన రోజున వెళ్ళి, పిలిచినప్పుడల్లా హాజరైతే మామూలుగా అరెస్టు అవసరం పడదు. ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని కూడా 2025లో చెప్పారు.

కేసు ఎక్కడ అన్నదానిమీద ఇంకో పోరు. కాపురం హైదరాబాద్‌లో, గొడవ హైదరాబాద్‌లో, అమ్మాయి పుట్టింటికి వచ్చి విశాఖలో కేసు పెడితే చెల్లుతుందా? చెల్లుతుందని 2019లో రూపాలీ దేవి తీర్పు. దాంతో వాయిదా రోజు అబ్బాయి ముందురోజు సాయంత్రమే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. ఒకే మనోవర్తి డబ్బు మూడు చోట్ల అడగడం గురించి 2020లో రజనీష్ తీర్పు వచ్చింది. ఇద్దరూ ఆస్తులు, ఆదాయం అఫిడవిట్‌లో చెప్పాలి, ముందు ఇంకో కోర్టు ఇచ్చిన ఆర్డర్ దాచకూడదు, ఆ మొత్తాన్ని సర్దుబాటు చేస్తారు.

అందరూ పొరబడేది రాజీ దగ్గర. పెద్దమనుషులు కూర్చుని ఒప్పందం కుదిర్చి "అమ్మాయి కేసు వెనక్కి తీసుకుంటుంది" అంటారు. డీవీసీ, ఎంసీ ఆమె వేసినవి కాబట్టి తీసుకోగలదు. 498ఎ అలా కాదు, అక్కడ వాది ప్రభుత్వం, ఆమె సాక్షి. ఈ చిక్కు చూసే మన రాష్ట్రం 2003లో సవరణ తెచ్చి, కోర్టు అనుమతితో, అడిగాక మూడు నెలలు ఆగి రాజీ పడొచ్చంది. చాలా రాష్ట్రాల్లో ఆ వెసులుబాటు లేదు. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ చట్టాల స్థానంలో కొత్త సంహితలు వచ్చి 498ఎ కాస్తా 85 అయింది, కేంద్రం రాసిన రాజీ పట్టికలో మాత్రం దానికి చోటివ్వలేదు. కాబట్టి ఆ తేదీ తర్వాతి కేసైతే ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టకముందే, క్వాష్ కోసం, అంటే కేసు కొట్టేయించుకోవడానికి, అమరావతి హైకోర్టుకి వెళ్ళాలా, ఖర్చు ఎవరిది, డబ్బు ఏ దశలో ఎంత ఇవ్వాలి అన్నవి లాయర్‌తో రాయించుకోవాలి. లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళొచ్చు, ఆడవాళ్ళకైతే అక్కడ ఆదాయం ఎంతని కూడా చూడరు.